బెల్జియం తీరంలో సైకిల్ యాత్ర: సముద్రం పక్కనా, లోపలి పాత ఊళ్ల మీదుగానా?

బెల్జియానికి ఉన్న సముద్రతీరం మొత్తం కలిపినా 70 కిలోమీటర్లు లేదు. ఫ్రాన్స్ సరిహద్దును ఆనుకున్న డె పన్నె దగ్గర మొదలై, నెదర్లాండ్స్ సరిహద్దు పక్కనున్న క్నొక్కె దగ్గర అయిపోతుంది. సైకిలు అలవాటున్నవాళ్లకి అది ఒక్క రోజు పని. అందుకే ప్లాను వేసుకునేటప్పుడు చాలామంది ఈ చివర నుంచి ఆ చివరకి సముద్రాన్ని చూస్తూ తొక్కేద్దాం అనుకుంటారు. తీరం నుంచి పదిహేను కిలోమీటర్లు లోపలికి వెళ్తే బ్రూజ్ ఉంది, ఇంకోవైపు వ్యూర్నె, డిక్స్‌మౌడె, ఈప్ర లాంటి పాత ఊళ్లున్నాయి అని తెలిశాక అసలు తర్జనభర్జన మొదలవుతుంది. చేతిలో ఉండేది రెండు మూడు రోజుల సెలవు. ఏది పెట్టుకోవాలి, ఏది వదిలేయాలి?

నా మాట ముందే చెప్పేస్తాను. ఇక్కడి తీరం ఆగి కూర్చోవడానికి బాగుంటుంది, తొక్కడానికి మాత్రం లోపలి దారులే బాగుంటాయి. సముద్రాన్ని మానేయమని కాదు, రోజు మొత్తం దాని పక్కనే గడపాలని పట్టు పట్టొద్దని. ఎందుకో ఒక్కో దారి గురించి చెబుతాను. మీ లెక్క వేరేగా ఉంటే, పిల్లలతో వెళ్తున్నా, ఒక్క రోజే ఉన్నా, ఏది మార్చుకోవాలో కూడా చెబుతాను.

మొదటి దారి: తీరం వెంట, డె పన్నె నుంచి క్నొక్కె వరకు

దీనికి ఉన్న పెద్ద బలం, తప్పిపోయే అవకాశం లేకపోవడం. ఒక పక్క సముద్రం, ఇంకో పక్క ట్రామ్ పట్టాలు. డె పన్నె నుంచి క్నొక్కె దాకా 67 కిలోమీటర్లు నడిచే ఈ కోస్ట్ ట్రామ్ ప్రపంచంలోని అతి పొడవైన ట్రామ్ లైన్లలో ఒకటి. మీతో వచ్చినవాళ్లలో సైకిలు తొక్కనివాళ్లు ఉంటే ఇది వరం. మీరు సైకిలు మీద, వాళ్లు ట్రామ్‌లో బయల్దేరి మధ్యాహ్నం ఒకే ఊళ్లో భోజనానికి కలుసుకోవచ్చు. లోపలి దారుల్లో ఈ సౌకర్యం లేదు.

బలహీనత ఏంటంటే, రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఈ తీరమంతా అపార్ట్‌మెంట్లు కట్టేశారు. చాలా ఊళ్లలో ఎనిమిది తొమ్మిది అంతస్తుల భవనాలు సముద్రానికి ఎదురుగా గోడలా వరుసగా నిలబడి ఉంటాయి. వాటి ముందు వెడల్పాటి నడకదారి ఉంటుంది, కానీ అక్కడ సైకిలు తొక్కడం మీరు ఊహించుకున్నంత హాయిగా ఉండదు. సెలవు రోజుల్లో జనం, పెడల్ బండ్ల మీద పిల్లలు, ఐస్‌క్రీమ్ పట్టుకుని అడ్డం వచ్చేవాళ్లు. వేసవిలో పగటిపూట ఆ నడకదారి మీద సైకిళ్లను రానివ్వని మునిసిపాలిటీలు చాలానే ఉన్నాయి. అప్పుడు మిమ్మల్ని వెనక వీధిలోకి, ట్రామ్ పట్టాల పక్కనున్న రోడ్డులోకి మళ్లిస్తారు. అంటే సముద్రం పక్కనే ఉంటుంది, మీకు మాత్రం కనబడదు. జెబ్రుగ్గె దగ్గర పెద్ద ఓడరేవు ఉంది కాబట్టి అక్కడ ఎలాగూ లోపలికి తిరగాల్సిందే.

అలాగని మొత్తాన్ని కొట్టిపారేయలేం. కొన్ని ముక్కలు చాలా బాగుంటాయి. పడమటి చివర డె పన్నె పక్కన ఇసుక దిబ్బల రక్షిత ప్రాంతం ఉంది. బెల్జియం మొదటి రాజు లియోపోల్డ్ 1831లో దేశంలో మొదట అడుగుపెట్టింది ఈ డె పన్నెలోనే, ఆయన స్మారకం సముద్రానికి ఎదురుగా ఉంటుంది. తర్వాత వచ్చే ఓస్ట్‌డౌన్‌కెర్కెలో గుర్రాల మీద ఎక్కి, వల ఈడ్చుకుంటూ నీళ్లలోకి వెళ్లి రొయ్యలు పట్టే పద్ధతి ఇంకా బతికే ఉంది. యునెస్కో 2013లో దాన్ని సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. అది రోజూ జరగదు, నీటి పోటును బట్టి తేదీలు ముందే ప్రకటిస్తారు. ఆ తేదీ చూసుకుని వెళ్లగలిగితే ఆ ఒక్కదాని కోసం యాత్ర తేదీలు మార్చుకున్నా తప్పు లేదు.

నాకు అన్నిటికంటే నచ్చేది ఓస్టెండ్ నుంచి డె హాన్ వరకు ఉన్న ముక్క, సుమారు పన్నెండు కిలోమీటర్లు. ఓస్టెండ్‌లో ఓడరేవు కాలవను చిన్న ఫెర్రీ మీద దాటాలి. మనుషులకీ సైకిళ్లకీ టికెట్ ఉండదు. అవతలి ఒడ్డున దిబ్బల్లో నెపోలియన్ కాలంనాటి ఐదు మూలల కోట కనిపిస్తుంది. తర్వాత దిబ్బల వెంట వెళ్తుంటే అపార్ట్‌మెంట్ల గోడ పలచబడి డె హాన్ వస్తుంది. ఈ ఊరు ఎత్తైన కట్టడాలకు చోటివ్వలేదు. తెల్లటి గోడలు, ఎర్ర పెంకుల కప్పులు, వంద ఏళ్లు దాటిన విల్లాలు. జర్మనీలో హిట్లర్ అధికారంలోకి వచ్చాక ఐన్‌స్టీన్ 1933లో కొన్ని నెలలు ఉన్నది ఇక్కడి ఒక విల్లాలోనే. తీరం మొత్తంలో ఒక్క ఊళ్లోనే కాఫీ తాగే టైముంటే అది డె హాన్‌లో తాగండి.

క్నొక్కె గురించి ఎక్కువ చెప్పను. ఆర్ట్ గ్యాలరీలు, ఖరీదైన షాపులు, పార్కింగ్‌లో అంతకంటే ఖరీదైన కార్లు. ఊరు దాటాక వచ్చే జ్విన్ చిత్తడి నేలలు, పక్షులు మాత్రం చూడదగ్గవి.

గాలి సంగతి

ఈ ప్రాంతంలో కొండలు లేవు. తీరం మొత్తంలో ఎత్తైన ఇసుక దిబ్బ కోక్‌సైడె దగ్గరుంది, దాని ఎత్తు 33 మీటర్లు. కాబట్టి ఎక్కుడు గురించి టెన్షన్ అక్కర్లేదు. ఆ పని గాలి చేస్తుంది. ఇక్కడ ఎక్కువగా వీచేది నైరుతి గాలి, తీరం కూడా సరిగ్గా నైరుతి నుంచి ఈశాన్యానికే సాగుతుంది. డె పన్నెలో మొదలుపెట్టి క్నొక్కె వైపు వెళ్తే గాలి వీపున తోస్తుంది, తిరగేస్తే అదే గాలి రోజంతా ముఖాన కొడుతుంది. అడ్డం పెట్టుకోవడానికి చెట్టు కూడా దొరకని చోట్ల, గాలి గట్టిగా ఉన్న రోజున 40 కిలోమీటర్లు 80లా అనిపిస్తాయి.

వసంతకాలంలో కొన్నాళ్లు ఈశాన్యం నుంచి కూడా వీస్తుంది కాబట్టి దిక్కును నెల ముందు ఖాయం చేసుకోవద్దు. ముందురోజు రాత్రి వాతావరణ సూచన చూసి, గాలి ఎటు పోతోందో అటే తొక్కి రైలెక్కి వెనక్కి రావడం ఉత్తమం. డె పన్నె, ఓస్టెండ్, బ్లాంకెన్‌బెర్గె, క్నొక్కె, ఈ నాలుగు చోట్లా రైల్వే స్టేషన్లున్నాయి కాబట్టి ఇది సులువే. సైకిలుకు వేరే టికెట్ తీసుకోవాలి, మడతపెట్టే సైకిలైతే అక్కర్లేదు. ఎండ కాసే వారాంతాల్లో తీరం వైపు వెళ్లే రైళ్లు కిక్కిరిసి ఉంటాయి. పొద్దున్నే మొదటి రైళ్లు పట్టుకుంటే సైకిలుకి చోటు దొరుకుతుంది.

లోపలి దారులకు మరో ఆధిక్యం ఇక్కడే ఉంది. కాలవల వెంట పాప్లర్ చెట్ల వరుసలుంటాయి. అవి కూడా ఏళ్ల తరబడి గాలికి ఒకవైపు వంగిపోయినవే అనుకోండి, అయినా మనకి కాస్త అడ్డంగా నిలుస్తాయి.

రెండో దారి: బ్రూజ్‌లో మకాం, చుట్టూ తిరుగుడు

మొదటిసారి వెళ్తున్నవాళ్లకి నేను చెప్పేది ఇదే. బ్రూజ్‌లో గది తీసుకుని సామాను అక్కడే వదిలేసి తేలికగా తిరగొచ్చు. బ్రస్సెల్స్ నుంచి రైల్లో గంట ప్రయాణం. ఊరి పాత భాగం మొత్తం 2000లో యునెస్కో వారసత్వ జాబితాలోకి వెళ్లింది. పెద్ద గంటల గోపురం ఎత్తు 83 మీటర్లు, మెట్లు 366. సైకిలు తొక్కి వచ్చిన సాయంత్రం ఎక్కుదాం అనుకోకండి, మర్నాడు పొద్దున పెట్టుకోండి. ఊళ్లో రాళ్లు పరిచిన వీధుల మీద సన్న టైర్లు అదిరిపోతాయి. రోడ్ సైకిలు కాకుండా కాస్త వెడల్పు టైర్ల సైకిలు అద్దెకు తీసుకుంటే ఊళ్లోనూ కాలవ గట్ల మీదా సుఖంగా ఉంటుంది.

ఇక్కణ్ణుంచి వేసుకోదగ్గ చుట్టు సుమారు 50 కిలోమీటర్లది. బ్రూజ్ ఈశాన్యపు అంచున మొదలయ్యే కాలవ వెంట ఆరేడు కిలోమీటర్లు వెళ్తే డామ్మె. ఇంకో పది వెళ్తే నెదర్లాండ్స్‌లోని స్లౌస్. అక్కణ్ణుంచి జ్విన్, క్నొక్కె. తర్వాత లోపలికి తిరిగి లిస్సెవెగె మీదుగా మళ్లీ బ్రూజ్. ఒకే రోజులో రెండు దేశాలు, మూడు పాత ఊళ్లు, సముద్రం. సరిహద్దు దగ్గర మామూలుగా ఎవరూ ఆపరు, అయినా పాస్‌పోర్టో రెసిడెన్స్ కార్డో జేబులో పెట్టుకోండి.

ఈ చుట్టుకి అసలు అందం దాని చరిత్రలో ఉంది. 12వ శతాబ్దంలో వచ్చిన తుపాను వల్ల జ్విన్ అనే సముద్రపు పాయ లోపలికి చొచ్చుకొచ్చింది. దాంతో బ్రూజ్‌కి సముద్రపు దారి దొరికింది, డామ్మె దాని రేవుగా పుట్టింది. ఉన్ని, బట్టలు, ద్రాక్షసారా, అప్పటి ఉత్తర యూరప్ వ్యాపారమంతా ఈ దారినే సాగింది. తర్వాత పాయ మెల్లగా ఇసుకతో పూడిపోయింది. 15వ శతాబ్దం చివరికి వ్యాపారం ఆంట్‌వెర్ప్‌కి తరలిపోయింది, బ్రూజ్ పేదదైపోయింది. పాత ఇళ్లు కూలగొట్టి కొత్తవి కట్టే డబ్బు లేకపోవడం వల్లే ఇవాళ మనం చూడ్డానికి ఆ ఊరు మిగిలింది. క్నొక్కె పక్కన పక్షులు తిరిగే ఆ చిత్తడి నేల, ఒకప్పుడు ఓడలు వచ్చిన పాయలో మిగిలిన ముక్క. ఈ సంగతి తెలిసి తొక్కితే స్లౌస్ లాంటి చిన్న ఊళ్లో కోట కట్టలు, అంత పెద్ద గంటల గోపురం ఎందుకున్నాయో అర్థమవుతుంది. నెదర్లాండ్స్ మొత్తంలో అలాంటి గోపురం ఉన్నది ఆ ఒక్క ఊళ్లోనే.

డామ్మె కాలవ మాత్రం ఆ కాలానిది కాదు. ఇంగ్లిష్ నౌకాదళానికి చిక్కకుండా సరుకులు, సైన్యం తరలించడానికి నెపోలియన్ తవ్వించాడు. స్పెయిన్ యుద్ధ ఖైదీల చేత పని చేయించారు. ఆయన పతనంతో పని మధ్యలో ఆగింది. దారిలో దీనికి అడ్డంగా మరో రెండు కాలవలు పక్కపక్కనే వెళ్తుంటాయి. ఒకదాన్ని స్థానికులు మెరిసేది అని, రెండోదాన్ని కంపు కొట్టేది అని పిలుస్తారు. అవిసె నార నానబెట్టిన మురికి నీళ్లు ఒకప్పుడు ఆ రెండో దాంట్లోకి వచ్చేవట. ఇప్పుడు కంపు లేదు, పేరు మిగిలింది.

లిస్సెవెగెలో తెల్లటి ఇళ్లు, ఊరికి మించిన ఇటుక చర్చి గోపురం ఉంటాయి. ఊరి బయట మధ్యయుగపు మఠానికి చెందిన పెద్ద ధాన్యపు కొట్టం ఒకటి ఇంకా నిలబడి ఉంది. చాలామంది ఈ ఊరు చూడకుండా బ్రూజ్‌కి పరుగెడతారు. పది నిమిషాలు ఆగండి.

మూడో దారి: ఓస్టెండ్ వైపు నుంచి ఈప్ర వరకు

మూడు రోజులుంటే నా ఓటు దీనికే. బ్రూజ్‌లో బయల్దేరి ఓస్టెండ్ వెళ్లే కాలవ గట్టు పట్టుకోండి. ప్లాసెన్‌డాలె దగ్గర ఇంకో కాలవ చీలి 21 కిలోమీటర్లు పోయి న్యూపోర్ట్‌లో తేలుతుంది. అంటే కార్ల రోడ్డు మీద పెద్దగా పని లేకుండా, నీళ్ల పక్కనే సముద్రం దాకా వచ్చేశారు. తీరం మీద రద్దీ ఉన్న ఆదివారం ఇదే దూరం దిబ్బల పక్క రోడ్డులో వెళ్లినవాళ్లు ఇంకా ట్రాఫిక్ లైట్ల దగ్గర ఆగుతూ ఉంటారు. డె హాన్, ఓస్టెండ్ కూడా చూడాలనుంటే ఆ రోజు బ్రూజ్ నుంచి నేరుగా డె హాన్ వచ్చి, ఓస్టెండ్ మీదుగా న్యూపోర్ట్‌కి తీరం వెంట రండి. దూరం కొంచెం పెరుగుతుంది, ఎదురుగాలి పడొచ్చు.

న్యూపోర్ట్ బయట ఒకే చోట కాలవలు, నది కలిసే తూముల గుంపు ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1914 అక్టోబరు చివర్లో జర్మన్ సైన్యం ముందుకు వస్తుంటే బెల్జియం సైన్యం చేతిలో మిగిలింది ఈ కొసన కొద్దిపాటి నేల. నీళ్ల నిర్వహణ తెలిసిన కారెల్ కోగె, పడవ నడిపే హెండ్రిక్ గీరార్ట్ లాంటి స్థానికుల సాయంతో, సముద్రం పోటు మీద ఉన్నప్పుడు తూములు ఎత్తి, ఆటు మొదలయ్యే ముందు దించేసి, రాత్రి తర్వాత రాత్రి లోపలి పొలాలను ముంచేశారు. ఆ నీటిని రెండో పక్క ఆపింది న్యూపోర్ట్–డిక్స్‌మౌడె రైలు కట్ట. సైన్యం ఆ కట్ట వెనక నాలుగేళ్లు నిలబడింది.

ఇప్పుడు ఆ కట్ట మీద పట్టాలు లేవు, సైకిలు దారి ఉంది. గీత గీసినట్టు తిన్నగా ఉంటుంది. కొందరికి విసుగు అనిపించొచ్చు. మీరు తొక్కుతున్న ఆ ఒకటి రెండు మీటర్ల ఎత్తే ఒక దేశానికి సరిహద్దుగా నిలిచిందని తెలిస్తే, రెండు పక్కలా కనబడే గడ్డి మైదానం వేరేగా కనిపిస్తుంది. పక్కన అక్కడక్కడా కాంక్రీటు గూళ్లు ఇంకా ఉన్నాయి. డిక్స్‌మౌడె చేరాక నది గట్టున భద్రపరిచిన కందకాలు, 84 మీటర్ల స్మారక గోపురం చూడొచ్చు.

ఇంకో రోజుంటే న్యూపోర్ట్ నుంచి వ్యూర్నెకి కాలవ వెంట సుమారు పది కిలోమీటర్లు. చిన్న ఊరు, దానికి తగని అందమైన చౌరస్తా. జూలై చివరి ఆదివారం అక్కడ పశ్చాత్తాప ఊరేగింపు జరుగుతుంది, శిలువలు మోసుకుంటూ ముసుగుల్లో నడుస్తారు. ఆ రోజు గది దొరకడం కష్టం.

డిక్స్‌మౌడె నుంచి ఈప్రకి సుమారు 25 కిలోమీటర్లు, నది, కాలవ గట్ల వెంట. స్టేషన్ బోర్డుల మీద ఈ ఊరి పేరు ఈపర్ అని ఉంటుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఊరు పూర్తిగా నేలమట్టమైంది. ఇప్పుడు కనబడే మధ్యయుగపు బట్టల సంత భవనం మళ్లీ కట్టింది, ఆ పని 1967 దాకా సాగింది. 1927లో ప్రారంభించిన మెనిన్ గేట్ మీద, సమాధి కూడా తెలియని 54 వేలకు పైగా సైనికుల పేర్లున్నాయి. వాటిలో భారత సైనికుల పేర్లూ ఉన్నాయి. 1914 అక్టోబరులో ఇక్కడికి వచ్చిన భారత దళాల్లో ఖుదాదాద్ ఖాన్ ఒకడు. దగ్గర్లోని హోలెబెకెలో చేసిన పోరాటానికి విక్టోరియా క్రాస్ అనే బ్రిటిష్ సాహస పతకం అందుకున్న తొలి భారత సైనికుడు అతనే. గేటు కింద రోజూ రాత్రి 8 గంటలకు బాకా ఊదుతారు. 1928 నుంచి, రెండో యుద్ధంలో జర్మన్ల ఆక్రమణ కాలం తప్ప, ఇది ఆగలేదు. ముందు వరుసలో నిలబడాలంటే ఏడున్నరకే చేరండి.

అందుకే ఈప్రలో రాత్రి బస పెట్టుకోండి. మధ్యాహ్నం వచ్చి సాయంత్రం రైలెక్కేస్తే ఈ దారి ఎంచుకుని లాభం లేదు. మర్నాడు కోర్ట్రైక్‌లో రైలు మారి బ్రూజ్ వెళ్లిపోవచ్చు.

ఎవరికి ఏది

ఒక్క రోజే ఉంటే బ్రూజ్–డామ్మె–స్లౌస్–క్నొక్కె చుట్టు. అలవాటు లేనివాళ్లు డామ్మె వరకు వెళ్లి వచ్చేసినా సగం అందం చూసినట్టే. చిన్నపిల్లలు, పెద్దవాళ్లు కలిసి వెళ్తున్నారా, డె హాన్‌లోనో ఓస్టెండ్‌లోనో మకాం పెట్టి రోజుకి పదిహేను కిలోమీటర్లు మించకుండా తొక్కండి, ట్రామ్ ఎలాగూ ఉంది. ఇసుకలో ఆడే వయసు పిల్లలకి గంటల గోపురాలు చూపించి లాభం లేదు. వేగం, దూరం ఇష్టపడే ఇద్దరు ముగ్గురు స్నేహితులైతే తీరం మొత్తాన్ని గాలి వీపున పెట్టుకుని ఒక పూటలో చుట్టేసి, మిగతా రోజులు మూడో దారికి ఇవ్వండి. జూలై, ఆగస్టుల్లో తీరం వైపు పోకపోవడమే మేలు. మే, జూన్, సెప్టెంబరు మంచివి. జూన్‌లో రాత్రి పది దాకా వెలుతురు ఉంటుంది కాబట్టి దారిలో తొందరపడక్కర్లేదు.

దారి వెతుక్కోవడానికి ఫోన్ చూస్తూ తొక్కనక్కర్లేదు. ఈ ప్రాంతమంతా అంకెల కూడళ్ల పద్ధతి ఉంది. ప్రతి కూడలికీ ఒక నంబరు, అక్కణ్ణుంచి పక్క నంబర్లకి బాణాలు. పొద్దున్నే వెళ్లాల్సిన నంబర్లు వరసగా చీటీ మీద రాసుకుని హ్యాండిల్‌కి అతికించుకుంటే చాలు. 1995లో బెల్జియంలోని లింబర్గ్‌లో హ్యూగో బోలెన్ అనే గని ఇంజినీరు గనుల్లోని సొరంగాల పద్ధతి చూసి దీన్ని మొదలుపెట్టాడు.

ఇక నియమాలు. సైకిలు దారి ఉన్న చోట రోడ్డెక్కకూడదు. బోర్డు లేని కూడలిలో కుడివైపు నుంచి వచ్చేవాళ్లకి దారివ్వాలి, ఇది మర్చిపోతే ప్రమాదమే. మామూలు సైకిలుకి హెల్మెట్ తప్పనిసరి కాదు, చీకటి పడ్డాక ముందూ వెనకా లైట్లు మాత్రం తప్పనిసరి. ఊళ్లలో ట్రామ్ పట్టాలను అడ్డంగా దాటండి, ఏటవాలుగా దాటితే టైరు గాడిలో ఇరుక్కుని పడతారు.

తిండి విషయంలో శాకాహారులకి ఒక మాట. దారి పొడవునా దొరికే ఫ్రైస్‌ని చాలా దుకాణాల్లో గొడ్డు కొవ్వులో వేయిస్తారు. నూనెలో వేయించినవేనా అని అడిగి తీసుకోండి, విసుక్కోకుండా చెబుతారు. చీజ్ నింపి వేయించే క్రోకెట్లు బాగుంటాయి, వాటికీ ఇదే ప్రశ్న అడగాలి. పల్లెల్లో సోమ, మంగళవారాలు కెఫేలు మూసి ఉండొచ్చు. ముఖ్యంగా రైలు కట్ట దారిలో వెళ్లే రోజు నీళ్ల సీసాలు నింపుకుని, ఒక పూట తిండి సంచిలో వేసుకునే బయల్దేరండి.